అభన్‌పూర్ వాటా ఎంత?

2025-26 కేంద్ర బడ్జెట్లో పట్టణాల కోసం లక్ష కోట్ల రూపాయలతో అర్బన్ ఛాలెంజ్ ఫండ్ ప్రకటించారు. తొలి ఏడాదికి 10,000 కోట్లు కేటాయించారు. షరతు ఏమిటంటే, బ్యాంకు అప్పు పుట్టే ప్రాజెక్టయితే ఖర్చులో పావు వంతు దాకా కేంద్రం ఇస్తుంది. కనీసం సగం మాత్రం బాండ్లు, బ్యాంకు రుణాలు, ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యాల (పీపీపీ) రూపంలో బయటి నుంచి రావాలి. మిగతాది రాష్ట్రమో, మున్సిపాలిటీయో సర్దుకోవాలి. ఇండోర్‌కో, సూరత్‌కో ఇది పెద్ద కష్టం కాదు. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌కు దక్షిణాన ఉన్న అభన్‌పూర్‌కో, మహానది దారిలో ఉన్న ఆరంగ్‌కో ఇదే షరతు పెడితే ఏం చేస్తాయి? జీతాలకూ వీధి దీపాల కరెంటు బిల్లుకూ పోను చిన్న మున్సిపాలిటీ చేతిలో మిగిలేది తక్కువ. తాకట్టు పెట్టడానికి పాత బస్టాండు స్థలం, సంత జరిగే మైదానం తప్ప పెద్దగా ఏమీ ఉండవు.

ప్రభుత్వ సొమ్ముకు ప్రైవేటు సొమ్ము జతచేసి చిన్న పట్టణాలకు జీవం పోయాలన్న ఆలోచన మన దేశంలో ముప్ఫై ఏళ్లుగా నలుగుతోంది. దాని మీద చర్చ ఎప్పుడూ ప్రభుత్వమా ప్రైవేటా అన్న పాత తగవు దగ్గరే ఆగిపోతుంది. అంచనా తప్పిన రోజున నష్టం ఎవరి పద్దులో రాస్తారు, ఒప్పందం కుదిరే గదిలో ఆ ఊరికి కుర్చీ ఉందా అన్నవి నాకు అంతకంటే పెద్ద ప్రశ్నలుగా కనిపిస్తాయి. వీటికి జవాబులు వెతకడానికి రాయ్‌పూర్ పరిసరాలకు మించిన చోటు లేదు. వంద కిలోమీటర్ల లోపే మంచి ఒప్పందాలూ చెడ్డ ఒప్పందాలూ పక్కపక్కన దొరుకుతాయి.

తెలుగువాళ్లకు ఈ ప్రాంతం కొత్తది కాదు. 1931లో పూర్తయిన విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం ఉత్తరాంధ్రను ఇక్కడికి కలిపింది. రైల్వే పనికీ, తర్వాత భిలాయి ఉక్కు కర్మాగారానికీ మనవాళ్లు తరలివచ్చారు. ఇప్పుడు రాయ్‌పూర్-విశాఖపట్నం ఆరు వరుసల రహదారి అదే బంధాన్ని మరోసారి బిగిస్తోంది. ఆ సంగతికి చివర్లో వద్దాం.

ముందుగా శివనాథ్ నది. దుర్గ్ దగ్గర బోరాయి పారిశ్రామిక వాడకు నీళ్లు కావలసివచ్చాయి. ఛత్తీస్‌గఢ్ ఇంకా పుట్టలేదు. 1998లో మధ్యప్రదేశ్ ప్రభుత్వానికి చెందిన పారిశ్రామికాభివృద్ధి సంస్థ, రేడియస్ వాటర్ అనే కంపెనీతో 22 ఏళ్లకు ‘బూట్’ ఒప్పందం రాసుకుంది. కంపెనీ ఆనకట్ట కట్టి, సొంతం చేసుకుని, నడిపి, గడువు తీరాక తిరిగి అప్పగించాలి. అంతవరకూ బాగానే ఉంది. ఒప్పందంలోని మరో పంక్తి దగ్గరే వచ్చింది చిక్కు. రోజుకు 40 లక్షల లీటర్ల నీటికి ప్రభుత్వ సంస్థ డబ్బు చెల్లించాలి, ఆ నీళ్లు తోడుకున్నా తోడుకోకపోయినా సరే. వస్తాయనుకున్న పరిశ్రమలు అనుకున్నంతగా రాలేదు. బిల్లు మాత్రం ఆగలేదు. అప్పటికే ప్రభుత్వ డబ్బుతో కట్టిన నీటి సరఫరా ఆస్తుల్ని నామమాత్రంగా ఒక్క రూపాయి లీజుకు కంపెనీకి అప్పగించారు.

అంటే ప్రైవేటు పెట్టుబడి తన వెంట తెచ్చుకోవలసిన సరుకు, అంటే రిస్కు, ఇక్కడ అసలు రానే లేదు. గిరాకీ లేకపోతే వచ్చే నష్టం మొత్తం సర్కారు ఖజానాకే చుట్టుకుంది. వ్యాపారంలో గిరాకీ గురించి బెంగపడాల్సినవాడికి ఆ బెంగ లేకుండా చేస్తే, అది పెట్టుబడి అనిపించుకోదు, పింఛను అవుతుంది.

పైగా 23 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ నదీ భాగంలో తరతరాలుగా వల వేసినవాళ్లనూ, మడికి నీళ్లు పెట్టుకున్నవాళ్లనూ అడ్డుకుంటున్నారని గ్రామాలు గొల్లుమన్నాయి. ‘నదిని అమ్మేశారు’ అన్న మాట దేశమంతా పాకింది. 2007లో ఛత్తీస్‌గఢ్ శాసనసభ ప్రజా పద్దుల సంఘం ఒప్పందాన్ని రద్దు చేయాలనీ, బాధ్యుల మీద కేసులు పెట్టాలనీ సిఫారసు చేసింది. సంఘం మాట ఎంత గట్టిగా ఉన్నా ప్రభుత్వం ఒప్పందాన్ని తెంచలేదు. తెంచితే పరిహారం కట్టాలన్న భయం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఇలాంటి ఒప్పందాల్లో అసలు కాపలా కుక్క అదే.

శివనాథ్ కథను చాలామంది ప్రైవేటీకరణ పాపంగానే చెబుతారు. నేను సగమే ఒప్పుకుంటాను. ఆ కాగితం మీద ప్రభుత్వం తరఫున సంతకం పెట్టిన సంస్థ ఊళ్లకు జవాబుదారీ కాదు. మొహ్లాయి గ్రామ పంచాయతీనో, దుర్గ్ నగర పాలక సంస్థనో ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టి ఉంటే, వాడని నీళ్లకు డబ్బు కడతామన్న మాట దగ్గర ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెట్టేవారు.

శివనాథ్‌లో ప్రభుత్వం పందెం కాసింది నీళ్ల మీద. రాయ్‌పూర్‌కు ఆగ్నేయాన భూమి మీద కాసింది. కొత్త రాష్ట్రానికి కొత్త రాజధాని కావాలని 41 గ్రామాల పరిధిలో నయా రాయ్‌పూర్‌ను తలపెట్టారు. 2012 నవంబర్లో సచివాలయం మహానది భవన్‌కు మారింది. వాజపేయి మరణం తర్వాత, 2018లో, ఊరికి అటల్ నగర్ అన్న పేరు చేరింది. వెడల్పాటి రోడ్లు, సైకిల్ దారులు, క్రికెట్ స్టేడియం, జంగిల్ సఫారీ అన్నీ వచ్చాయి. చాలా ఏళ్లు రాని వాళ్లు జనమే. సాయంత్రం ఆరు దాటితే ఉద్యోగులు బస్సెక్కి పాత రాయ్‌పూర్ వెళ్లిపోయేవారు.

లెక్క ఇలా వేసుకున్నారు: నయా రాయ్‌పూర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ అప్పు తెచ్చి రోడ్లు వేస్తుంది, రోడ్లు పడితే భూమి ధర పెరుగుతుంది, ప్లాట్లు అమ్మితే అప్పు తీరుతుంది, ప్రైవేటువాళ్లు వచ్చి ఇళ్లూ దుకాణాలూ కడతారు. ప్రపంచంలో ఎన్నో నగరాలు ఇలాగే పెరిగాయి. కాకపోతే ఈ లెక్కకు కాలం ఒక్కటే శత్రువు. ప్లాట్లు నిదానంగా అమ్ముడైతే వడ్డీ మాత్రం నిదానించదు. 2022 జనవరిలో సుమారు 317 కోట్ల బకాయి కింద యూనియన్ బ్యాంకు ప్రాధికార సంస్థ భూముల్ని సాంకేతికంగా స్వాధీనం చేసుకుంది. బీజేపీ, కాంగ్రెస్ ఒకరినొకరు నిందించుకున్నాయి. అదే నెలలో, భూములిచ్చిన 27 గ్రామాల రైతులు పరిహారం, ప్లాట్లు, ఉద్యోగాల హామీల కోసం నెలల తరబడి సాగిన ధర్నాకు కూర్చున్నారు. కొత్త నగరం చేసిన వాగ్దానానికి బ్యాంకు రాతపూర్వక హామీ అడిగి తీసుకుంది. రైతుకు దక్కింది చాలాచోట్ల నోటిమాట.

2025లో అప్పులన్నీ తీర్చేశామని ప్రాధికార సంస్థ ప్రకటించింది. అది చిన్న విజయమేమీ కాదు. సెమీకండక్టర్, డేటా సెంటర్ కంపెనీలకు శంకుస్థాపనలూ జరిగాయి. వేగం పెరిగిందన్నది నిజమే.

అమరావతి ఇక్కడ గుర్తు రాక మానదు. అక్కడ ఎంచుకున్నది భూసేకరణ కాదు, భూసమీకరణ. 29 గ్రామాల రైతులు ముప్ఫై మూడు వేల ఎకరాలకు పైగా ఇచ్చి, బదులుగా అభివృద్ధి చేసిన ప్లాట్లలో వాటాదారులయ్యారు. పదేళ్లపాటు ఏటా కౌలు హామీ కూడా ఉంది. 2018 ఆగస్టులో రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ సీఆర్‌డీఏ 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్ల బాండ్లు అమ్మింది. సింగపూర్ కంపెనీల కూటమితో 1,691 ఎకరాల స్టార్టప్ ప్రాంతానికి ఒప్పందం కుదిరింది. 2019లో ప్రభుత్వం మారింది, నవంబర్లో ఆ ఒప్పందం రద్దయింది. నిర్మాణం ఐదేళ్లు పడకేసింది. సమీకరణ పద్ధతి రైతును నయా రాయ్‌పూర్ రైతుకంటే మంచి చోటే కూర్చోబెట్టింది, లాభంలో భాగం రాసిచ్చింది. కానీ లాభంలో వాటా ఇచ్చిన పద్ధతి రిస్కులోనూ వాటా ఇచ్చింది. ప్రభుత్వం మారడం అనే రిస్కుకు ఏ బీమా కంపెనీ పాలసీ అమ్మదు. సింగపూర్ కంపెనీలు వెళ్లిపోయాయి. బాండ్లు కొన్నవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ హామీ ఉంది. ప్లాటు ఎక్కడుందో కాగితం మీద తప్ప నేల మీద చూడలేకపోయిన తుళ్లూరు రైతు ఎక్కడికీ వెళ్లలేకపోయాడు.

అయితే నయా రాయ్‌పూర్లోనే మరో రకం కలయిక పెద్ద చప్పుడు లేకుండా నడుస్తోంది. 2012లో మొదలైన సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో చిన్నపిల్లలకు గుండె ఆపరేషన్లు పూర్తిగా ఉచితం. క్యాష్ కౌంటర్ లేని ఆసుపత్రి అది. పుట్టపర్తి స్ఫూర్తితో వచ్చిన విరాళాలే దానికి పెట్టుబడి. 2018లో వేదాంత గ్రూపు కేన్సర్ ఆసుపత్రి బాల్కో మెడికల్ సెంటర్ వచ్చింది. ట్రిపుల్ ఐటీని రాష్ట్ర ప్రభుత్వం, ఎన్‌టీపీసీ కలిసి పెట్టాయి. సచివాలయ భవనాలు రప్పించలేని జనాన్ని ఈ మూడూ రప్పించాయి. బస్తర్ నుంచి, ఒడిశా నుంచి పిల్లల్ని ఎత్తుకుని వచ్చే తల్లిదండ్రులు అక్కడ టీ కొట్టుకూ, అద్దె గదికీ, ఆటోకూ గిరాకీ తెచ్చారు. తిరిగి రావాలని ఆశించని డబ్బు ఎక్కడ పడిందో అక్కడే ఊరి బీజాలు ముందు మొలిచాయి. ఆర్థికవేత్తలు దాన్ని పెట్టుబడి అనరు, నేను అంటాను.

ఆ మాటకొస్తే రాయ్‌పూర్ జిల్లాలోనే ఇంకా పాత ఉదాహరణ ఉంది, అదీ మనవాళ్లకు సంబంధించినదే. చంపారణ్య. కాశీ నుంచి తరలిపోతున్న తెలుగు వైదిక దంపతులు లక్ష్మణభట్టు, ఇల్లమ్మలకు 1479లో వల్లభాచార్యులు పుట్టింది ఇక్కడేనని పుష్టిమార్గీయుల నమ్మకం. ఆయన పేరు ఆంధ్రలో కంటే గుజరాత్‌లోనే ఎక్కువ వినిపిస్తుంది. కాబట్టి డబ్బూ అటు నుంచే వచ్చింది. గుజరాతీ, మార్వాడీ భక్తులు కట్టించిన మందిరాలు, ధర్మశాలలు ఒక మారుమూల పల్లెను యాత్రా స్థలంగా నిలబెట్టాయి. ప్రభుత్వం రోడ్డు వేసింది, పర్యాటక పటంలో చేర్చింది. ఎవరూ దీన్ని పీపీపీ అనలేదు. ఒప్పందపు కాగితమూ లేదు, కనీస చెల్లింపు హామీ అంతకన్నా లేదు.

మహానది గట్టున ఉన్న రాజిమ్ కథ వేరు. మహానది, పైరి, సోంఢుర్ కలిసే చోట మాఘమాసంలో తిరునాళ్ల జరుగుతుంది. 2005 ప్రాంతంలో ప్రభుత్వం దాన్ని ‘రాజిమ్ కుంభ్’గా పెంచింది, 2019లో కొత్త ప్రభుత్వం ‘మాఘీ పున్నీ మేళా’ అంది, 2024లో మళ్లీ ‘కుంభ్ కల్ప్’ అయింది. పేరు మారినప్పుడల్లా ఫ్లెక్సీలు మారాయి, ఏర్పాట్లు మాత్రం తాత్కాలికమే. పదిహేను రోజుల పందిళ్లకు ఏటా పోసే డబ్బు మిగతా మూడు వందల యాభై రోజులకు ఏం మిగిలిస్తుందో ఆ ఊరి దుకాణదారునే అడగాలి. ఇంకో విచిత్రం: రాజిమ్ గరియాబంద్ జిల్లాలో ఉంది, వంతెనకు ఇవతల బియ్యం మిల్లుల ఊరు నవాపారా రాయ్‌పూర్ జిల్లాలో ఉంది. బజారు ఒక్కటే, పద్దులు రెండు.

చిన్న పట్టణాలు తమ కాళ్ల మీద నిలబడి అప్పు తేగలవా? తేగలవని దక్షిణాదిలో ఒకటి రెండు చోట్ల రుజువైంది. చెన్నై పక్కనున్న ఆలందూరు మున్సిపాలిటీ తొంభైల చివర్లో భూగర్భ డ్రైనేజీ తలపెట్టినప్పుడు ఇంటికి 5,000 రూపాయల డిపాజిట్ అడిగింది. పైపు ఇంకా నేలలో దిగకముందే జనం కట్టారు. మున్సిపల్ ఛైర్మన్ వీధివీధికీ తిరిగి సంఘాలతో మాట్లాడి ఒప్పించాడు. మిగతాది అప్పు, గ్రాంటు. మురుగు శుద్ధి కేంద్రాన్ని, కట్టి, నడిపి, తిరిగి అప్పగించే బీఓటీ పద్ధతిలో కట్టిన జట్టులో హైదరాబాద్ కంపెనీ ఐవీఆర్‌సీఎల్ కూడా ఉంది. ఇక్కడా శివనాథ్‌లో లాగే కంపెనీకి కనీస చెల్లింపు హామీ ఉంది. తేడా ఎక్కడంటే, కనెక్షన్ల డబ్బు ముందే చేతికి వచ్చింది కాబట్టి గిరాకీ ఊహ కాదు, రసీదు పుస్తకంలో ఉన్న లెక్క. డబ్బు కట్టినవాడు పని జరుగుతోందా లేదా అని రోజూ తొంగిచూస్తాడు. ఆ చూపును ఏ కన్సల్టెంటూ అమ్మలేడు.

తమిళనాడు ఇంకో అడుగు వేసింది. ఒంటరిగా బాండు అమ్మలేని 13 చిన్న ఊళ్లను ఒక్క గొడుగు కిందికి తెచ్చి 2002లో సుమారు 30 కోట్ల బాండు అమ్మించింది. అప్పు ఎగవేస్తే ఆ ఊళ్లకు రాష్ట్రం నుంచి రావలసిన పన్ను వాటాలోంచి కోసుకోవచ్చన్నది ఏర్పాటు. దాని మీద అమెరికా సహాయ సంస్థ సగం హామీ ఇచ్చింది. 2005లో బెంగళూరు చుట్టూ ఉన్న 8 ఊళ్లకు కర్ణాటక 100 కోట్లతో ఇలాగే చేసింది. ఆ తర్వాత ఈ దారిలో నడిచినవాళ్లు తక్కువ. తెలుగు నేల మీద హైదరాబాద్, విశాఖ బాండ్లు అమ్మాయి. తణుకో, జగిత్యాలో అలా కలిసి మార్కెట్‌కు వెళ్లిన ఉదాహరణ లేదు. 1997లో మొదలైన జన్మభూమిలో ప్రజల వాటా అన్న నియమం ఉండేది. దాన్ని శ్రమదానం ఫొటోల దాకా తెచ్చి వదిలేశాం. నిలబెట్టుకుని ఉంటే ఆలందూరు మన దగ్గరే ఉండేది.

ఛత్తీస్‌గఢ్‌కూ తన ఆలందూరు ఉంది, అదీ డ్రైనేజీలో కాదు, చెత్తలో. ఉత్తరాన సర్గుజా జిల్లా కేంద్రం అంబికాపూర్. 2015 ప్రాంతంలో అప్పటి కలెక్టర్ రీతూ సేన్, వెల్లూరుకు చెందిన సి. శ్రీనివాసన్ పద్ధతిని తెచ్చి, 48 వార్డుల చెత్తను మహిళా పొదుపు సంఘాలకు అప్పగించారు. కంపెనీ టెండర్ లేదు. నాలుగు వందలకు పైగా మహిళలు రిక్షాల్లో ఇంటింటికీ వెళ్లి చెత్త తెచ్చి, చేత్తో వేరుచేసి, పనికొచ్చేది అమ్ముతారు. ఇంటి నుంచి నెలకు కొద్దిపాటి రుసుము, దానికి తోడు ప్లాస్టిక్, అట్టలు, ఇనుము అమ్మిన డబ్బు, ఇదీ ఆదాయం. మున్సిపాలిటీ షెడ్లూ రిక్షాలూ ఇచ్చింది. 2019 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్ తర్వాత అంబికాపూరే నిలిచింది. రాష్ట్రం ఇదే పద్ధతిని ఇతర పట్టణాలకు పాకించింది. 2019 నుంచి వరుసగా మూడేళ్లు ఛత్తీస్‌గఢ్ దేశంలో స్వచ్ఛ రాష్ట్రంగా నిలవడంలో ‘స్వచ్ఛతా దీదీ’ల చెమట చాలానే ఉంది. రాజధాని రాయ్‌పూర్ మాత్రం పెద్ద నగరం కనుక కంపెనీ దారి పట్టి రాంకీ అనుబంధ సంస్థకు పని ఇచ్చింది. అంబికాపూర్‌ను ఆకాశానికెత్తేవాళ్లు దాటవేసే విషయం ఒకటి ఉంది. ఆ లెక్క కుదరడంలో దీదీల కూలి తక్కువగా ఉండడం కూడా ఒక కారణం. నష్టం అక్కడ వాళ్ల పద్దులో కొంత పడుతోంది.

ప్రైవేటు గనుల డబ్బు ప్రజల ఖాతాలోకి వచ్చే దారి 2015 నుంచి ఇంకొకటి ఉంది. జిల్లా ఖనిజ నిధి. పాత లీజుల వాళ్లు రాయల్టీలో 30 శాతం, వేలంలో దక్కించుకున్నవాళ్లు 10 శాతం అదనంగా కట్టాలి. కోర్బా, దంతేవాడ లాంటి జిల్లాలకు ఇది పెద్ద మొత్తమే. కానీ ఖర్చు కలెక్టర్ల బల్ల మీద తేలుతుంది, గని పక్క పట్టణానికి దక్కేది వాళ్ల దయ. ఛత్తీస్‌గఢ్‌లో ఈ నిధి టెండర్ల మీద ఈడీ కేసులూ నడుస్తున్నాయి.

ఇవన్నీ ఒక ఎత్తు, ధాన్యం డబ్బు ఒక ఎత్తు. క్వింటాలుకు 3,100 రూపాయల చొప్పున ఎకరాకు 21 క్వింటాళ్ల దాకా ప్రభుత్వం కొంటోంది. చలికాలంలో ఆ డబ్బు ఖాతాల్లో పడగానే నవాపారా, తిల్దా, ఆరంగ్ బజార్లలో మోటార్‌సైకిల్ షోరూములూ బట్టల కొట్లూ కళకళలాడతాయి. పట్టణాభివృద్ధి పేరుతో వచ్చిన ఏ పథకమూ ఇక్కడి చిన్న వ్యాపారికి ఇంత గిరాకీ తేలేదన్నది నా అంచనా. కాకపోతే ఆ డబ్బు దుకాణం దాకా వస్తుంది, డ్రైనేజీ దాకా రాదు.

పాత ఊళ్లకే డబ్బు చేర్చిన దారీ ఒకటి ఉంది. ఫ్రాన్స్ 2018లో 222 మధ్యస్థ పట్టణాల పాత నడిబొడ్డులకు ఐదేళ్లలో 500 కోట్ల యూరోలు పెట్టింది. దేశ ప్రభుత్వం, ప్రభుత్వ పెట్టుబడి బ్యాంకు, యజమానుల చందాతో నడిచే గృహ నిధి కలిసి డబ్బు వేశాయి, మేయర్లు పథకం రాశారు. శివార్లలో మాల్ కాదు, ఖాళీ అయిన పాత వీధి వాళ్ల లక్ష్యం. మనం దానికి ఎదురు దారిలో పోయాం. పాత ఊళ్ల మధ్యలో కొత్త ఊరు కట్టి, పాతవాటిని ఆ ఊరికి భూమి ఇచ్చే గోదాములుగా చూశాం.

ఇక విశాఖ రోడ్డు. దాదాపు 464 కిలోమీటర్ల ఆర్థిక కారిడార్ అభన్‌పూర్ దగ్గర మొదలై ధమ్తరి, కాంకేర్, ఒడిశా మీదుగా సాలూరు దిగి సబ్బవరం చేరుతుంది. ఎక్కువ భాగం హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతి: నిర్మాణంలో 40 శాతం ప్రభుత్వం, 60 శాతం కాంట్రాక్టరు. ఆ 60 శాతాన్ని పదిహేనేళ్ల వాయిదాల్లో వడ్డీతో తిరిగిస్తారు. టోలు తగ్గితే నష్టం ప్రభుత్వానిదే, పని ఆలస్యమైతే చాలావరకు కాంట్రాక్టరుది. శివనాథ్ ఒప్పందం కంటే ఇది నయం. ఎవరి చేతిలో ఉన్న రిస్కు వాళ్ల దగ్గరే ఉంది.

అయితే రోడ్డు పడుతుందని తెలియగానే అభన్‌పూర్ దగ్గర భూములు రాత్రికి రాత్రి ముక్కలయ్యాయి. చిన్న ముక్కలకు పరిహారం రేటు ఎక్కువ. పాత తేదీలు వేసి కమతాలను విడగొట్టి కోట్ల రూపాయలు అదనంగా పంచుకున్నారన్న ఆరోపణ మీద 2025లో రెవెన్యూ అధికారులు సస్పెండయ్యారు, దర్యాప్తు మొదలైంది. ప్రభుత్వ పెట్టుబడి వల్ల పెరిగిన భూమి విలువను ఎవరో ఒకరు పట్టుకుంటారు. మున్సిపాలిటీ పట్టుకోకపోతే పట్వారీ పట్టుకుంటాడు.

2025 మార్చి 30న రాయ్‌పూర్-అభన్‌పూర్ మెమూ రైలు మొదలైంది. 1900 నాటి ధమ్తరి చిన్న రైలు మార్గం పోయి, నయా రాయ్‌పూర్ మీదుగా బ్రాడ్‌గేజ్ వచ్చింది. అదే ఏడాది జూలైలో రాయ్‌పూర్, నయా రాయ్‌పూర్, దుర్గ్, భిలాయిలను కలిపే రాజధాని ప్రాంత ప్రాధికార సంస్థ చట్టం శాసనసభలో ఆమోదం పొందింది. రైలు, రోడ్డు, ప్రాధికార సంస్థ మూడూ ఒక్క ఊరి గడప తొక్కిన అరుదైన సందర్భం ఇది. స్టేషన్ చుట్టూ పెరిగే భూమి మీద లేఅవుట్ రుసుములో, రిజిస్ట్రేషన్ సర్‌ఛార్జీలో ఇంత శాతం అభన్‌పూర్, ఆరంగ్, నవాపారా మున్సిపాలిటీల ఖాతాకు నేరుగా పోతుందని రాసిపెడితే, ఆ ఆదాయాన్ని చూపించి మూడు ఊళ్లూ కలిసి తమిళనాడు తరహాలో బాండు అడగవచ్చు, ఛాలెంజ్ ఫండ్ కోరే సగం వాటా అప్పుడు దొరుకుతుంది. రాసిపెట్టకపోతే లేఅవుట్లు వస్తాయి, ప్రహరీ గోడల మీద బిల్డర్ల పేర్లు వస్తాయి, వాటి మురుగు మాత్రం పాత ఊరి కాలవలోకే వస్తుంది.